సుగర్ ఉన్నాయనకి పక్షవాతం వచ్చాక మెదడు కోలుకోడానికి బిళ్ళలేమైనా ఉన్నాయాండీ?

రావులపాలెం దగ్గర లంక ఊరండి మాది. నాన్నగారికి 62, సుగర్ 15 ఏళ్ళ నుంచి ఉంది. నెలన్నర కింద పొద్దున్నే లేచేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, స్కానింగులో మెదడు నరం పూడుకుపోయిందన్నారు. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు గానీ చెయ్యి అసలు లేవట్లేదు. మెదడుకని సిటికోలిన్ రాశారు, బంధువొకాయన ఫ్లూయాక్సిటిన్ అనే దిగులు మందు వేస్తే చెయ్యి వస్తుందంటున్నారు, నేనేమో లినాగ్లిప్టిన్ అనే సుగర్ బిళ్ళ మెదడుని బాగుచేస్తుందని చదివాను. దేనికి పెట్టమంటారు? కొబ్బరితోట తాకట్టు పెట్టయినా కొంటాం.

పాలకొల్లు నుంచి, ఫిజియోథెరపీ చేయిస్తాను:
తోట జోలికి పోకండి బాబూ. లినాగ్లిప్టిన్ మాట నిజమే గానీ అది ఎలకల్లో. స్వీడన్‌లో కరోలిన్‌స్కా అనే వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు సుగరున్న ఎలకలకి స్ట్రోక్ తర్వాత ఇస్తే బాగా కోలుకున్నాయి, మనుషుల్లో అలా రుజువవలేదు. సుగర్ మందుగా రాస్తే వాడండి, మెదడు మందని కొనకండి. ఫ్లూయాక్సిటిన్ 2011లో ఫ్రాన్స్‌లో 118 మంది మీద చూస్తే చేతులు కాళ్ళు బాగా వచ్చాయన్నారు, మేమందరం ఎంత ఆశ పెట్టుకున్నామో, తర్వాత బ్రిటన్‌లో 3 వేలమందికి పైగా ఇస్తే ఆ తేడా కనపడలేదు, పైగా ఎముకలు విరగడం ఎక్కువైంది. దిగులుగా ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్పండి, దానికది పనికొస్తుంది. సిటికోలిన్ కూడా 2012లో 2,298 మంది మీద చూస్తే లాభం లేదని తేలింది. మీ అంతట మీరు ఆపకుండా ‘ఇది తీసేసి ఆ డబ్బు ఫిజియోకి పెట్టొచ్చాండీ’ అని అడగండి. రక్తం పల్చబడే బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీ బిళ్ళ మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు, మళ్ళీ స్ట్రోక్ రాకుండా కాసేవి అవే.
మొదటి మూడు నెలలూ బంగారమండి. చెయ్యి లేవకపోయినా బల్లమీద తువ్వాలు పరిచి దానిమీద చెయ్యిపెట్టి ముందుకీ వెనక్కీ జరిపించండి, మీరు కింద కాస్త ఆసరా ఇవ్వండి చాలు, లాగకండి, భుజం జారుతుంది. వేళ్ళు కొంచెం ముడుస్తుంటే పళ్ళెంలో చింతపిక్కలు పోసి ఒక్కోటి తీయించండి. రోజుకి నాలుగైదుసార్లు.

కాకినాడ నుంచి, నర్సుని:
సుగర్ బాగా తగ్గించేద్దామని ఆత్రపడొద్దండి. సరిగ్గా మింగలేక తిండి తగ్గుతుంది, బిళ్ళలేమో పాత డోసే పడుతుంటాయి. చెమటలు పట్టినా మాట తడబడినా వెంటనే వేలికి గుచ్చి చూడండి, 70 కన్నా తక్కువుంటే, మింగగలిగితేనే, పంచదార నీళ్ళు పట్టండి. సుగర్ బాగానే ఉండి మూతి వంకరపోతే ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైము.

అడిగినాయన:
నర్సుగారూ, మొన్న తెల్లారుజామున చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టాయండి, ఉక్కపోతనుకుని ఫ్యాను వేశాం. గ్లిమిపిరైడ్ అనే సుగర్ బిళ్ళ పాత డోసే వేస్తున్నాం.

కాకినాడ నుంచి:
ఇవాళే డాక్టరుగారికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పండి, పొద్దుటి బిళ్ళ వేసేముందే. రాత్రి పడుకునేముందు, తెల్లారుజామున ఎంతుందో రాసి చూపించండి.

అడిగినాయన:
చేశానండి, డోసు సగం చేశారు. అమ్మ చింతపిక్కలు కడిగి ఎండబెట్టింది.