శాటిలైట్ రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేసుకోవడం ఎలా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. అర్ధరాత్రి దాటాక ప్రసారమయ్యే కొన్ని సంగీత కార్యక్రమాలను ల్యాప్‌టాప్‌లో భద్రపరచుకోవాలని అనుకుంటున్నాను. నా శాటిలైట్ రిసీవర్‌కు వెనుకవైపు ఒక హెచ్‌డీఎంఐ సాకెట్, పసుపు, తెలుపు, ఎరుపు రంగుల ఏవీ సాకెట్లు, ఒక లాన్ పోర్టు, ముందువైపు ఒక యూఎస్‌బీ పోర్టు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కూ హెచ్‌డీఎంఐ ఉన్నందున, టీవీకి వాడే కేబులునే రెండింటికీ కలిపి చూశాను గాని తెర మీద ఏమీ రాలేదు. రెండు కొసలా ఒకే రకం పిన్ను ఉన్న యూఎస్‌బీ కేబులు కొని కలిపితే పని జరుగుతుందా, లేక వేరే పరికరం ఏదైనా కావాలా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

ల్యాప్‌టాప్‌లకు ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు దాదాపు ఎప్పుడూ బొమ్మను బయటికి పంపడానికే గాని లోపలికి తీసుకోవడానికి కాదు. రిసీవర్‌లోని పోర్టు కూడా పంపేదే కాబట్టి మీరు కలిపిన కేబులుకు రెండువైపులా పంపేవారే ఉన్నారు, అందుకునేవారు లేరు. యూఎస్‌బీ కేబులు ఆలోచనను మాత్రం పూర్తిగా మానుకోండి. రిసీవర్, ల్యాప్‌టాప్ రెండూ తమ యూఎస్‌బీ పోర్టు నుంచి 5 వోల్టుల కరెంటు ఇచ్చేవే కనుక, వాటిని నేరుగా కలిపితే రికార్డింగు జరగకపోగా పోర్టు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీకు కావలసింది వీడియో క్యాప్చర్ పరికరం. దీనికి ఒకవైపు హెచ్‌డీఎంఐ గాని ఏవీ గాని ఇన్‌పుట్, రెండోవైపు యూఎస్‌బీ ఉంటాయి. ల్యాప్‌టాప్ దీన్ని వెబ్‌క్యామ్ లాగానే చూస్తుంది. కొనేముందు యూఎస్‌బీ 2.0 పరికరమా, 3.0 పరికరమా అన్నది చూసుకోండి. 1920×1080 బొమ్మను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు ఒక గిగాబిట్ అవసరం, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లే. అందుకే చవక పరికరాలు బొమ్మను ముందే కుదించి పంపుతాయి, ఆ నష్టం వేగంగా కదిలే దృశ్యాలలో బయటపడుతుంది.

హెచ్‌డీఎంఐ దారిలో ఇంకో ఆటంకం ఉంది. చాలా రిసీవర్లు, ముఖ్యంగా చందా ఛానెళ్లకు ఇచ్చేవి, హెచ్‌డీసీపీ అనే రక్షణతో సంకేతాన్ని గుప్తీకరించి పంపుతాయి; అప్పుడు క్యాప్చర్ పరికరంలో నల్లని తెర తప్ప ఏమీ కనిపించదు. ఏవీ సాకెట్లకు ఈ రక్షణ వర్తించదు గాని, అక్కడ దొరికేది పాతకాలపు సాధారణ నాణ్యత మాత్రమే.

జవాబు 2

పై మిత్రులు చెప్పినది సరైనదే అయినా, క్యాప్చర్ పరికరాన్ని ఆఖరి మార్గంగానే చూడాలని నా అభిప్రాయం. ఉపగ్రహం నుంచి వచ్చేది మొదటే కుదించిన డిజిటల్ ప్రవాహం. రిసీవర్ దాన్ని విప్పి బొమ్మగా మారుస్తుంది; ఆ బొమ్మను పట్టుకుని ల్యాప్‌టాప్‌లో మళ్లీ కుదిస్తే నాణ్యత రెండోసారి తగ్గుతుంది, ప్రాసెసరుకూ పని పెరుగుతుంది. విప్పకముందే ఆ ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు దాచుకోగలిగితే అంతకంటే మంచి రికార్డింగు ఉండదు. సెకనుకు 8 మెగాబిట్లతో ప్రసారమయ్యే హెచ్‌డీ ఛానెలు అయినా గంటకు సుమారు 3.6 గిగాబైట్లే అవుతుంది.

అందుకు మీ రిసీవర్‌లోనే దారి ఉండవచ్చు. ముందువైపున్న యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, రిమోట్ మీద రికార్డు బటన్ ఉంటే నొక్కి చూడండి. తయారైన ఫైలు పేరు చివర టీఎస్ అని ఉండి, ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయరుతో తెరుచుకుంటే మీ పని అయిపోయినట్టే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించదు కనుక, పొడవైన కార్యక్రమం ముక్కలుగా నమోదవుతుంది, లేదా అక్కడితో ఆగిపోతుంది. కొన్ని రిసీవర్లు ఆ ఫైలును తమలో తప్ప మరెక్కడా తెరుచుకోకుండా గుప్తీకరిస్తాయి. అలాంటివి ల్యాప్‌టాప్‌లో పనికిరావు.

లాన్ పోర్టును కూడా తేలికగా తీసుకోకండి. ఎనిగ్మా2 సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్లు నెట్‌వర్కు ద్వారా ఛానెలును నేరుగా ల్యాప్‌టాప్‌కు పంపగలవు. 2012లో వెలువడిన శాట్ ఐపీ అనే పద్ధతి కూడా ఇందుకోసమే వచ్చింది. రిసీవర్ మెనూలో నెట్‌వర్కు విభాగం చూస్తే ఈ సదుపాయం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పెన్‌డ్రైవ్‌లో రికార్డింగు జరిగింది గాని, ఫైలు రిసీవర్‌లో తప్ప ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం లేదు. మెనూలో లాన్ పోర్టు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు మాత్రమే అని ఉంది. మిత్రులొకరి దగ్గర ఏవీ సాకెట్ల క్యాప్చర్ పరికరం తెచ్చి ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో చూస్తే బొమ్మ వచ్చింది. అయితే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగినట్టు కనిపిస్తున్నారు, చేతులు కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు వస్తున్నాయి, శబ్దం అసలు లేదు.

జవాబు 3

ఈ మూడూ సర్దుబాటుతో పోయేవే. ఏవీ కేబులులో వెడల్పాటి 16:9 బొమ్మ 4:3 చట్రంలోకి నొక్కుకుని వస్తుంది. మీది పాల్ అనే టీవీ సంకేత పద్ధతి అయితే ఓబీఎస్ వీడియో సెట్టింగులలో కాన్వాస్‌ను 1024×576గా పెట్టి, బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్ కింద తెర నిండా సాగదీసే ఎంపికను నొక్కండి. అడ్డగీతలకు కారణం ప్రసారంలో సరి, బేసి వరుసలు వేరువేరు క్షణాలలో తీసినవి కావడం. అదే రైట్ క్లిక్ మెనూలో డీఇంటర్లేసింగ్ అనే చోట యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుని, ఫ్రేముల సంఖ్యను సెకనుకు 50 చేస్తే కదలిక కూడా టీవీలో ఉన్నంత నునుపుగా వస్తుంది.

శబ్దాన్ని విండోస్ తరచూ వేరే మైకుగా చూపిస్తుంది కనుక, సోర్సులలో ఆడియో ఇన్‌పుట్ క్యాప్చర్‌ను విడిగా చేర్చి క్యాప్చర్ పరికరం పేరు ఎంచుకోవాలి. గుయ్యిమనే హోరు వినిపిస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. సాధారణంగా ఎర్తింగు తేడా వల్ల వచ్చే హోరే అది.

రికార్డింగును ఎంపీ4లో కాక ఎంకేవీలో చేయండి. మధ్యలో కరెంటు పోయినా ఎంకేవీ ఫైలులో అప్పటిదాకా నమోదైనది మిగులుతుంది, పూర్తయ్యాక ఓబీఎస్‌లోనే నాణ్యత తగ్గకుండా ఎంపీ4గా మార్చుకోవచ్చు. మీవి అర్ధరాత్రి కార్యక్రమాలు కాబట్టి ల్యాప్‌టాప్ దానంతటది నిద్రాణస్థితిలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగులలో ఆపడం, రిసీవర్‌లో ఆటో స్టాండ్‌బై తీసివేయడం తప్పనిసరి.

జవాబు 2 ఇచ్చినవారు

ఒక్క మాట చేరుస్తాను. మీరు చూసేవి గుప్తీకరణ లేని ఉచిత ఛానెళ్లే అయితే, రిసీవర్ ప్రసక్తే లేకుండా ఉపగ్రహ ప్రసారాలను నేరుగా ల్యాప్‌టాప్‌కు అందించే డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనరును కొనడం మేలు. డిష్ నుంచి వచ్చే కేబులును నేరుగా దానికే బిగిస్తారు. డిష్ ముందు ఉండి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి కావలసిన 13, 18 వోల్టులను అదే ఇస్తుంది కనుక ట్యూనరుకు విడి పవర్ అడాప్టరు ఉన్నదో లేదో చూసి తీసుకోండి. చందా ఛానెళ్లయితే మాత్రం ఇది పనికిరాదు, ప్రస్తుతానికి మీ ఏవీ మార్గమే మిగులుతుంది.