బెంగళూరులో రన్నింగ్ చేసేవాళ్ళూ, ఒక్కరే పరిగెడతారా, గుంపుతోనా? రేసులకు డబ్బు కట్టొచ్చా?

బీటీఎం_బావ
పొద్దున్నే మడివాళ చెరువు వైపు పరిగెత్తడం మొదలుపెట్టి కొన్నాళ్ళైంది. పొట్ట తగ్గిద్దామని దిగాను. పొట్ట ఎక్కడిదక్కడే ఉంది కానీ, పరిగెత్తని రోజు మాత్రం ఏదో వెలితిగా ఉంటోంది. ఇప్పుడు ఆఫీసులో ఓ బ్యాచ్ టీసీఎస్ వరల్డ్ 10కె అనే పది కిలోమీటర్ల రేసుకి పేర్లు ఇస్తూ నన్నూ రమ్మని ఒకటే పోరు. నాకు కిలోమీటరుకు 8 నిమిషాలు పడుతుంది, అంతమందిలో అందరికంటే చివర వస్తే పరువు పోతుందేమోనని టెన్షన్. అదీగాక ఊరికే దొరికే రోడ్డు మీద పరిగెత్తడానికి డబ్బెందుకు కట్టాలో ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు. ఇప్పటిదాకా ఒక్కడినే పరిగెత్తాను, గుంపులో పడితే ఉన్న సరదా కాస్తా పోతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అనంతపురం_చిన్నోడు
బావా, ముందు ఆ చివర్న వచ్చే భయం తీసెయ్. 2008 నుంచి జరుగుతున్న రేసు అది, ఏటా వేలమంది వస్తారు, నీ వెనక ఎప్పుడూ జనం ఉంటారు. ప్రొఫెషనల్స్ రేసు వేరు, మన ఓపెన్ 10కె వేరు, స్టార్ట్ టైములే వేరు. 2022లో కెన్యా ఆయన నికొలస్ కిమెలి 27 నిమిషాల 38 సెకన్లలో కొట్టేశాడు. ఆ టైముకి మనం నాలుగో కిలోమీటరు కూడా దాటకుండా నీళ్ళ బల్ల ఎక్కడుందా అని చూస్తుంటాం, అయినా మనకిచ్చే చప్పట్లు మనకు ఇస్తారు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. బిబ్ అని ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం ఇస్తారు, దానికి చిప్ ఉంటుంది, స్టార్ట్ లైన్ దగ్గర పరిచిన మ్యాట్ మీద నువ్వు కాలు పెట్టినప్పుడే నీ టైము మొదలవుతుంది. కాబట్టి ముందుకు తోసుకుని పోవాల్సిన పనే లేదు, నిదానంగా వెనకనే నిలబడు. ముందర నిలబడి మెల్లగా పరిగెత్తేవాళ్ళ వల్లే అందరికీ ఇబ్బంది. మొదటి కిలోమీటరు డోళ్ళు, మైకులు, కేకలు, అందరూ పూనకం వచ్చినట్టు ఉరుకుతారు, నువ్వు మాత్రం ఉరకొద్దు. ఈ ఊరి రోడ్లు బండి మీద పోతే చదునుగానే అనిపిస్తాయి, పరిగెత్తితే గానీ ఎక్కుడూ దిగుడూ తెలియదు.

లాల్‌బాగ్_లలిత
నేను పూర్తిగా ఒంటరి పార్టీ. ఇంట్లో పిల్లలు, ఆఫీసులో మీటింగులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో నీళ్ళ ట్యాంకర్ గొడవలు, రోజంతా మనుషులతోనే సరిపోతుంది. ఆ ఒక్క గంటా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటమే నాకు కావాల్సింది. మ్యూజిక్ కూడా పెట్టుకోను. లాల్‌బాగ్‌లో 240 ఎకరాలుంది కాబట్టి రోజూ ఒకే దారి పట్టాల్సిన అవసరం లేదు, చెరువు వైపు ఓ రోజు, గాజు మేడ వైపు ఓ రోజు. చివర్లో కెంపేగౌడ బురుజు ఉన్న రాతిగుట్ట ఎక్కుతాను. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్ళట, దాని మీద నిలబడి నా పేస్ కిలోమీటరుకి పది సెకన్లు తగ్గలేదని బాధపడటం కాస్త నవ్వొచ్చే విషయమే. దాని మీద పరిగెత్తకండి, వాన పడిందంటే జారుతుంది. నడిచే ఎక్కండి.

బావగారూ, మీకు ఒంటరిగా బాగుంటే అలాగే ఉండండి. గ్రూపులో చేరకపోతే రన్నర్ కాదని ఎవరైనా అంటే ఓ దణ్ణం పెట్టి ముందుకు పోండి.

హెచ్ఎస్ఆర్_హాఫ్‌మారథాన్
లలిత గారు చెప్పింది కాదనను కానీ, గ్రూపు వల్ల ఉన్న అసలు లాభం ఇంకొకటుంది. కొత్తవాళ్ళలో ఎక్కువమంది అవసరానికి మించి వేగంగా పరిగెడతారు. రోజూ ఆయాసపడుతూ పరిగెత్తితే నెలలో మోకాలో పిక్కో పట్టేస్తుంది, ఆ తర్వాత షూస్ అటకెక్కుతాయి. నిదానంగా పరిగెత్తండి అని పుస్తకాల్లో ఎంత రాసినా మనకు ఎక్కదు. అదే పక్కన ఓ మనిషి ఉంటే కబుర్లు చెబుతూ పరిగెడతాం, కబుర్లు చెప్పాలంటే ఊపిరి ఉండాలి, ఊపిరి ఉండాలంటే వేగం తగ్గాల్సిందే. పూర్తి వాక్యం ఆగకుండా చెప్పలేకపోతున్నారంటే ఎక్కువైనట్టే.

మేం అగర చెరువు దగ్గర ఆదివారం లాంగ్ రన్‌కి కలుస్తాం. సగం కన్నడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు మలయాళీలు, మిగతా మనవాళ్ళు. సైట్ల రేట్లు, ఎవరి కంపెనీలో ఎంతమందిని తీసేశారు, సినిమా రివ్యూలు, 14 కిలోమీటర్లు ఎలా అయిపోయాయో తెలియదు. ఒక్కడినే అయితే ఎనిమిది దగ్గరే ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. వారం మధ్యలో మాత్రం నేనూ ఒంటరిగానే పరిగెడతా. రెండిటికీ చోటుంది.

గ్రూపులో నాకు నచ్చనిది ఒకటే, స్ట్రావా అనే రన్నింగ్ యాప్ పిచ్చి. రన్ అయిపోయి ఇంకా చెమట తుడుచుకోకముందే ఫోన్లు తీసి ఎవరు ఎంత పేస్ అని చూసుకోవడం. ఓ పెద్దాయన వాచీ కూడా పెట్టుకోడు, మాలో ఎవరికీ రానన్ని గాయాలు ఆయనకు రావాలి వయసు ప్రకారం, ఒక్కటీ రాలేదు.

వైట్‌ఫీల్డ్_స్వప్న
మగవాళ్ళకు ఒంటరిగానా గుంపుతోనా అనేది ఇష్టం మీద ఆధారపడిన విషయం, మాకు అంత సులువు కాదు. జనవరిలో ఇక్కడ 6:45 దాకా సూర్యుడు రాడు. ఏడున్నరకు క్యాబ్ ఎక్కాల్సినవాళ్ళం ఐదున్నరకి చీకట్లో బయల్దేరాలి, లేఅవుట్‌లో సగం వీధి దీపాలు వెలగవు. నేను గ్రూపులో చేరింది స్నేహాల కోసం కాదు, ఆ చీకటి కోసం. స్నేహాలు తర్వాత కుదిరాయి.

ఇక కుక్కలు. దీని గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా రోడ్డు చివర ఖాళీ సైట్ దగ్గర ఓ గోధుమరంగు కుక్క, చెవి సగం తెగి ఉంటుంది, నేను పరిగెత్తితే చాలు వెంటపడేది. పరుగు ఆపేసి, దాని కళ్ళలోకి చూడకుండా మామూలుగా నడుచుకుంటూ దాటిపోవడం మొదలుపెట్టాక మెల్లగా మానేసింది. ఇప్పుడు తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది. పక్క వీధి కుక్కలతో మాత్రం ఇంకా చర్చలు నడుస్తున్నాయి. ఒకవేళ కరిస్తే వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, రేబిస్‌తో ఆటలొద్దు.

లాల్‌బాగ్_లలిత
స్వప్న గారూ, నిజమే. నేను వెలుతురు వచ్చాక, గేటు ఉన్న పార్కులో పరిగెడతాను కాబట్టి ఒంటరి పార్టీ అని ధైర్యంగా అంటున్నాను.

మద్రాసు_నుంచి_వచ్చా
నేను చాన్నాళ్ళు బీసెంట్ నగర్ బీచ్ రోడ్డులో పరిగెత్తి ఇక్కడికి మారాను. అక్కడ గాలిలో తేమకి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనేదో ఛాంపియన్ అయిపోయాననుకున్నా, ఊరి వాతావరణం అని తర్వాత తెలిసింది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్నా, ఆ ఎత్తు వల్ల మనలాంటివాళ్ళకు పడే తేడా తక్కువే.

రేసుల సంగతికొస్తే, పేరెందుకులే గానీ ఓ చిన్న హాఫ్ మారథాన్‌లో 16వ కిలోమీటరు దగ్గర బల్లలున్నాయి, పేపర్ కప్పులున్నాయి, నీళ్ళు లేవు. అక్కడున్న వాలంటీర్ పిల్లలు పాపం తలొంచుకుని నిలబడ్డారు. అందుకే కొత్త రేసుకి డబ్బు కట్టే ముందు, పోయినేడు పరిగెత్తినవాళ్ళను నీళ్ళ గురించి, టాయిలెట్ల గురించి అడగండి. మెడల్ ఎంత బరువుందో తర్వాత.

రెండు గంటలు దాటి పరిగెత్తేవాళ్ళు ప్రతి బల్ల దగ్గరా ఒట్టి నీళ్ళే గటగటా తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా. ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోండి, దాహాన్ని బట్టి తాగండి. 10కెకి ఇంత ఆలోచన అక్కర్లేదు.

పైసా_వసూల్
మెడల్, అరటిపండు, చంకల్లో బిగుసుకునే టీషర్టు. దానికోసం వేలు. దండగ అంటే దండగే.

అనంతపురం_చిన్నోడు
అన్నా, టీషర్టుకి కాదు మనం కట్టేది. ఈ ఊరి నడిబొడ్డున ఒక్క హారనూ వినపడకుండా రోడ్డు మధ్యలో పరిగెత్తడం మామూలు రోజుల్లో ఎవరి తరం? దారి పొడవునా ఎవరో తెలియనోళ్ళు బాల్కనీల నుంచి, ఫుట్‌పాత్ మీద నుంచి చప్పట్లు కొడతారు, నాకైతే పదో తరగతి పాసైనప్పుడు కూడా ఎవరూ కొట్టలేదు. ఇంకోటి, డేటు ఖరారైతేనే నేను పొద్దున లేస్తా. ఏడాదికి ఒకటో రెండో చాలు, ప్రతి నెలా ఒకటి అంటే అది వేరే రోగం.

పైసా_వసూల్
బాల్కనీ చప్పట్లు ఒప్పుకున్నా. కట్టాల్సే వస్తే నేను మాత్రం కావేరి ట్రైల్ మారథాన్‌కి కడతా. శ్రీరంగపట్నం దగ్గర కాలువ గట్టు మీద మట్టిదారి, పక్కనే నీళ్ళు, చుట్టూ వరి, చెరకు. వెళ్ళిన దారినే వెనక్కి రావడం కాబట్టి ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు అందరూ ఎదురుపడతారు, ముక్కూ మొహం తెలియనోళ్ళు కూడా పలకరిస్తారు. నీడ తక్కువ, ఎండెక్కితే మాడిపోతాం, అయినా సరే. తారు రోడ్డు కంటే మట్టి మీద కాళ్ళకు హాయి. ముందురోజే వెళ్ళి అక్కడే పడుకోవాలి, తెల్లారుజామున ఇక్కణ్ణుంచి కారేసుకుని పోతే సగం ఓపిక రోడ్డు మీదే పోతుంది.

బీటీఎం_బావ
అందరికీ థాంక్స్. 10కెకి పేరు ఇచ్చేశా. వారం మధ్యలో ఒక్కడినే, ఆదివారం ఎవరితోనైనా అని అనుకుంటున్నా. రేసు కోసం కొత్త షూస్ కొనాలా? పొద్దున ఏం తిని వెళ్ళాలి? అంత పొద్దున మెట్రో ఉంటుందా?

హెచ్ఎస్ఆర్_హాఫ్‌మారథాన్
షూస్ కొంటే ఇప్పుడే కొని అందులోనే పరిగెత్తండి, రేసు రోజు కొత్తవి వేస్తే బొబ్బలు గ్యారంటీ. ఇచ్చిన టీషర్టూ అంతే, ఉతక్కుండా వేసుకుంటే ఒరుసుకుంటుంది. తిండి రోజూ మీ ఒంటికి పడేదే, ఓ అరటిపండు, కాస్త కాఫీ. ఇడ్లీ వడా రేసు అయ్యాక. మామూలు ఆదివారం మెట్రో 7కి గానీ మొదలవదు. ఈ రేసు రోజున పెందలాడే ప్రత్యేకంగా నడుపుతుంటారు, ముందురోజు మెట్రోవాళ్ళ ప్రకటన చూసుకోండి. బిబ్‌కి నాలుగు మూలలా పిన్నీసులు రాత్రే పెట్టేసుకోండి, చీకట్లో వేళ్ళకు గుచ్చుకుంటాయి.

అనంతపురం_చిన్నోడు
బావా, ఈ ఆదివారం కబ్బన్ పార్కుకి రా. ఆదివారాలు లోపల బండ్లు తిరగవు, రోడ్డంతా మనదే. ఆరింటికల్లా హైకోర్టు వైపు గేటు దగ్గర ఉంటా, నీలం టోపీ. మెట్రో ఉండదు, బండి మీద రా. నీ 8 నిమిషాల పేస్‌లోనే పోదాం, నాకూ ఈమధ్య పిక్క పట్టేసింది.

వైట్‌ఫీల్డ్_స్వప్న
మేం ముగ్గురం కూడా వస్తాం. ఆరింటికి అంటే ఆరింటికి, ఆరున్నర కాదు.