పాత గుడికి చెక్క ర్యాంపు అడగడం తప్పా?

నర్సంపేట_చెల్లె:
దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ ములుగు వైపు ఒక కాకతీయుల గుడి చూడ్డానికి వెళ్లాం. ఏ గుడో రాయను. అక్కడి సిబ్బంది మంచివాళ్లే, వాళ్ల మీదికి పోవడం నాకు ఇష్టం లేదు. మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, వీల్‌చైర్ మీదే తిరుగుతుంది. గుడి చుట్టూ ఉన్న రాతి అరుగు ఛాతీ ఎత్తు ఉంది. వాచ్‌మన్ ఇద్దరు కుర్రాళ్లను పిలిచి "కుర్చీతో సహా లేపుతాం మేడం" అన్నాడు. అక్క వద్దంది. మేం పైకి వెళ్లి వచ్చేదాకా కింద మా చెప్పులకు, బ్యాగులకు కాపలా కూర్చుంది. అవసరమైనప్పుడు పెట్టి తీసేసే చెక్క ర్యాంపు ఒకటి ఉంటే ఏం పోతుంది?

శిల్పప్రేమి:
చాలా పోతుంది. రామప్పనే తీసుకోండి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. నక్షత్రం ఆకారంలో ఉన్న ఆ ఆరడుగుల అరుగు ఉత్త ఎత్తు కాదు, ప్రదక్షిణ దారి. దాని మీద నడుస్తుంటేనే గోడ మీది ఏనుగుల వరుస దగ్గరగా కనిపిస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది ఆ పనితనానికే. అలాంటి రాయికి చెక్కలు ఆనించి మేకులు కొడతామంటే ఎలా? ఇవాళ ర్యాంపు, రేపు లిఫ్టు అంటారు. ఇంకో సంగతి, చెప్పులు విడిచి వెళ్లే చోటికి రోడ్డు మీద తిరిగిన చక్రాలు ఎట్లా తీసుకుపోతారు?

కాజీపేట_రైలు:
ఇద్దరు పట్టుకొని లేపితే అయిపోయేదానికి ఇంత లొల్లి ఎందుకు?

నర్సంపేట_చెల్లె:
శిల్పప్రేమి గారూ, మేకుల మాట నేను అనలేదు, మీరే తెచ్చారు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పేసి, ఏళ్లకేళ్లు ఆ రాళ్లు బయట పడేసి, మళ్లీ పేర్చి 2024 మహాశివరాత్రికి తెరిచారు. అప్పుడు పోని పవిత్రత ఒక చెక్కబల్లతో పోతుందా? చక్రాలంటారా, తడిబట్టతో తుడుస్తాం. చట్టం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. అప్పటికే ఉన్న, జనం వాడే భవనాలన్నీ అక్కడి నుంచి ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలి. 2022తో ఆ గడువు అయిపోయింది.

సైట్_ఇంజినీర్:
ఒక లెక్క. వీల్‌చైర్ ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి దాటొద్దు. ఆరడుగుల ఎత్తుకి 72 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. "చెక్కబల్ల" అనేంత చిన్న పని కాదు.

నర్సంపేట_చెల్లె:
మలుపులు తిప్పి పెట్టొచ్చు కదా సార్. గుడి వెనక పక్కన.

శిల్పప్రేమి:
తడిబట్టతో తుడిస్తే చక్రం శుభ్రం అవుతుందేమో, పూజ జరిగే గుడి నియమం మారదు. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

ఖిలావాసి:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మాది ఖిలా వరంగల్, కోట లోపలి ఊరు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నాం. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టొద్దని 2010లో చట్టం గట్టిగా బిగించారు. మా అమ్మకు తుంటి ఎముక విరిగింది. పాత బాత్రూమ్ ఇంటి వెనక, నాలుగు మెట్లు దిగాలి. పడుకునే గదిని ఆనుకొని చిన్నది కట్టిద్దామని ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన. "నిషేధిత ప్రాంతం" అన్నారు, అంతే. మీరేమో రూల్ మార్చి ర్యాంపు పెట్టండి అంటున్నారు.

నర్సంపేట_చెల్లె:
అన్నా, మీ అమ్మగారి బాత్రూమ్‌కీ మా అక్కకీ ఏం సంబంధం? ఇది వేరే పంచాయితీ. దయచేసి ఇందులో కలపకండి.

ఖిలావాసి:
సంబంధం లేదా? మీ అక్క గంటసేపు గుడి చూడలేకపోతే అది సమానత్వం సమస్య. మా అమ్మ రోజూ పొద్దున నా భుజం పట్టుకొని మెట్లు దిగితే అది పంచాయితీ! తమాషా ఏంటంటే, అదే చట్టంలో జనం వాడే మరుగుదొడ్లను "కట్టడం" కింద లెక్కపెట్టరు. అంటే మా గడప ముందు టూరిస్టుల కోసం టాయిలెట్ కట్టొచ్చు, మా ఇంట్లో మా అమ్మకు కట్టొద్దు. చూడ్డానికి వచ్చినోళ్లు మనుషులు, ఉన్నోళ్లు మాత్రం ఆక్రమణ.

మోడరేటర్:
ఇద్దరూ కొంచెం నెమ్మది.

జనగామ_క్యాలిపర్:
నేను కాలికి ఊతంగా క్యాలిపర్ కట్టుకొని నడుస్తా, ఇప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నా. కాజీపేట తమ్మీ, నన్ను అట్లా లేపారు ఒక చోట. ఒకాయన చంకల కింద చేతులు పెట్టాడు, చీర మోకాళ్ల దాకా వచ్చింది, చుట్టూ ఫోన్లు. ఆ అక్క ఎందుకు వద్దందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నాకైతే ఆ 72 అడుగుల ర్యాంపు రెండోది. బయటికి బయల్దేరే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగను. ఖిలా అన్న అన్న ఆ టూరిస్టు టాయిలెట్లు చాలాచోట్ల చూశా. ముందు ఒక గడప, ఇరుకు తలుపు, లోపల పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. చట్టం అడ్డం లేని చోట కూడా ఇట్లనే కడుతున్నారు మరి.

కాజీపేట_రైలు:
అక్కా, అట్లా ఆలోచించలే.

శిల్పప్రేమి:
టాయిలెట్లు బయట కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నా బాధ అరుగు గురించే.

నర్సంపేట_చెల్లె:
2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తేవాలని. కలెక్టర్‌కు ఒక అర్జీ రాస్తున్నా. ర్యాంపు, టాయిలెట్ రెండూ పెడతా. ఖిలా అన్నా, మీరు సంతకం చేస్తారా?

ఖిలావాసి:
కోట లోపల ఉండే ముసలోళ్ల ఇళ్ల గురించి ఒక లైన్ చేర్చు, చేస్తా.

నర్సంపేట_చెల్లె:
అది చేరిస్తే ఫైల్ వేరే శాఖకు పోతుందన్నా. రెండూ ఆగిపోతాయి. ముందు ఇది కానివ్వండి, మీ దానికి నేనే వేరే అర్జీ రాసి పెడతా.

ఖిలావాసి:
ముందు మీది, తర్వాత మాది. ఆఫీసులో కూడా ఇదే మాట చెప్పిండ్రు చెల్లె. నేను సంతకం పెట్టను.

జనగామ_క్యాలిపర్:
నేను రెండిటికీ పెడతా. కాగితం పట్టుకొని ఇంటికి రండి, కలెక్టరేట్ మెట్లు నాతో కాదు.