చలి తగ్గినా పూల్ యాప్‌లో ఫ్రీజ్ అలర్ట్ పోవట్లేదు, సెన్సర్ పోయినట్టేనా?

కొత్తకొలను (ఫ్రిస్కో, టెక్సస్): మొన్న రెండు రాత్రులు 20 డిగ్రీల (ఫారెన్‌హీట్) కిందికి పడిపోయింది కదా. ఇవాళ మధ్యాహ్నం 50 ఉంది, ఎండ కూడా కాసింది. అయినా యాప్‌లో గాలి ఉష్ణోగ్రత 33 దగ్గరే కూర్చుంది. చలికి దానంతటదే పంపు తిప్పే ఫ్రీజ్ గార్డ్ నిన్నటి నుంచి పంపు ఆపలేదు. పైగా హీటర్ నీటి ఒత్తిడి చాలట్లేదంటోంది. పూల్ అబ్బాయికి పది రోజుల దాకా ఖాళీ లేదట. ఇల్లు కొని ఏడాదే, నాకివేవీ తెలీవు.

మల్టీమీటర్ మామ: సెన్సర్ పోయింది, అంతే. బ్రేకర్ దింపి, ప్యానెల్లో గాలి సెన్సర్ వైర్లు రెండూ విప్పి కొలవండి. 10 కిలో ఓమ్స్ రావాలి. రాకపోతే మార్చేయండి.

కొత్తకొలను: 30 చూపిస్తోంది మామా.

మల్టీమీటర్ మామ: చెప్పానా. పారేయండి.

పాతకాపు (ప్లేనో): ఆగండాగండి. ఆ 10 అనేది 77 డిగ్రీల దగ్గర. చలి పెరిగేకొద్దీ ఓమ్స్ పెరుగుతాయి. 50 దగ్గర ఇరవై, 32 దగ్గర ముప్పై పైచిలుకు ఉంటాయి. 30 వచ్చిందంటే ఆ సెన్సర్ నిజంగానే చల్లగా ఉంది.

మల్టీమీటర్ మామ: బయట 50 ఉంటే అదొక్కటే చల్లగా ఎలా ఉంటుంది స్వామీ? కనెక్టర్లోకి నీళ్లు పోయి ఉంటాయి.

పాతకాపు: తడి చేరితే ఓమ్స్ తగ్గుతాయి, పెరగవు. అప్పుడు బయట గడ్డకడుతున్నా ‘వెచ్చగా ఉంది’ అంటుంది, పంపు లేవదు. అసలు ప్రమాదం అది.

గోంగూర_ఇర్వింగ్: ఫొటో పెట్టండి బాబూ.

కొత్తకొలను: పెట్టాను. మొన్న రాత్రి పైపులు గడ్డకడతాయని మా ఆవిడ పాత దుప్పటి కప్పింది. అదే కనిపిస్తోంది.

గోంగూర_ఇర్వింగ్: 😂 సెన్సర్‌కి కూడా కప్పారు!

పాతకాపు: అదీ సంగతి. ఉత్తరం గోడ నీడలో తడి దుప్పటి, మడతల్లో ఇంకా మంచు తెల్లగా కనిపిస్తోంది. సెన్సర్ నిజమే చెబుతోంది. ఇక హీటర్ అలర్ట్ సంగతి చూడండి. యూనియన్ల (విప్పదీసే పైపు జాయింట్ల) కింద, హీటర్ కింద తడి ఉందేమో, ఫిల్టర్ ప్రెషర్ ఎంతో రాయండి. అప్పటిదాకా హీటర్ వేయొద్దు.

మల్టీమీటర్ మామ: ఒక్క దుప్పటికి ఇంత ఉపన్యాసమా? ఫ్రీజ్ గార్డ్ పనిచేసింది, పంపు తిరిగింది, పగిలేదేమీ ఉండదు. మీరు ప్రతి థ్రెడ్‌లోనూ జనాన్ని భయపెడతారు.

పాతకాపు: భయపెడతానా? 2021 ఫిబ్రవరి గుర్తుందా? ‘ఫ్రీజ్ గార్డ్ ఆన్‌లో ఉంటే హాయిగా పడుకోండి’ అని ఇక్కడే రాసింది మీరు. 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు డాలస్‌లో మైనస్ 2. కరెంటు లేకపోతే గార్డ్ ఏం చేస్తుంది? హీటర్ లోపలి రాగి గొట్టాలు నిలువునా చీలాయి. పంపు, ఫిల్టర్ డ్రెయిన్ ప్లగ్గులు విప్పమని ఒక్క ముక్క రాసుంటే నా హీటర్ నాకుండేది.

మల్టీమీటర్ మామ: ఓహో, ఇదా విషయం! ఐదేళ్ల బట్టి ఓమ్స్ పేరు చెప్పి నన్ను తగులుకుంటున్నది ఇందుకా. కరెంటు అన్ని గంటలు పోతుందని ఎవరికి తెలుసు? మా ఇంట్లోనూ పైపు పగిలింది. నేనెవరినీ అనలేదు.

పాతకాపు: పగిలిందని ఇక్కడ ఎప్పుడైనా చెప్పారా?

గోంగూర_ఇర్వింగ్: అన్నలూ, పాపం ఆయన పంపు ఇంకా తిరుగుతోంది.

కొత్తకొలను: దుప్పటి తీశాను. అరగంటకి 47 చూపించింది, అలర్ట్ పోయింది. కానీ పంపు ముందున్న యూనియన్ దగ్గర వెంట్రుకంత బీట కనిపిస్తోంది. నీళ్లు కారట్లేదు, చెవి పెడితే గాలి పీలుస్తున్న చప్పుడు. ఫిల్టర్ ముల్లు 6 దగ్గరుంది, మామూలుగా 14 ఉంటుంది.

మల్టీమీటర్ మామ: అయితే పంపు ఆపండి. బ్రేకర్ కూడా దింపండి.

పాతకాపు: ప్లగ్గులు విప్పి నీళ్లు కూడా వదలండి. రాత్రికి మళ్లీ 29 అంటున్నారు.

మల్టీమీటర్ మామ: అదే రాయబోతున్నా.