అప్‌డేట్: ఎవరికీ ఏమీ కాకపోయినా శిక్ష పడుతుందా?

మందు సీసా తెరిచి ఏదో కలిపి, మళ్లీ ఎప్పటిలాగే మూత బిగించిన వ్యక్తి ఎవరికీ హాని జరగకముందే దొరికిపోతే అమెరికా చట్టం ఏం చేస్తుందని అడిగాను కదా. మీ జవాబులు రెండు దారుల్లో వెళ్లడంతో చివరికి ఆ చట్టాన్నే తెచ్చుకుని చదివాను.

శిక్ష పడుతుంది. ఇతరుల ప్రాణాలను బొత్తిగా లెక్కచేయకుండా ఆ పని చేశాడని రుజువైతే, ప్రయత్నానికే 10 ఏళ్ల వరకు జైలు. తీవ్ర గాయమైతే 20 ఏళ్ల వరకు, ప్రాణం పోతే యావజ్జీవం దాకా. వైద్య పరికరాలకూ ఇది వర్తిస్తుందా అన్న సంగతీ తేలింది: ఈ చట్టం కిందికి వచ్చే ‘వినియోగ వస్తువు’ నిర్వచనంలో మందు పక్కనే పరికరమూ ఉంది. నేను ఊహించనిది మరొకటి. ఏమీ కలపకుండానే, ఫలానా మందులో విషం కలిసిందని తెలిసి తెలిసి అబద్ధం చెప్పినా 5 ఏళ్ల వరకు పడవచ్చు.

1982లో షికాగో ప్రాంతంలో సైనైడ్ కలిపిన టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లు మింగి ఏడుగురు చనిపోయారు. మరుసటి ఏడాదే ఈ చట్టం వచ్చింది. ఆ హత్యలకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు, విచిత్రంగా!

నిన్న కొత్త మాత్రల సీసా మూత తిప్పాను. గోటికి లొంగని ఆ రేకు పొరను ఎప్పుడూ విసుక్కుంటూ చింపేసేదాన్ని. ఈసారి ముందు దాని అంచు చుట్టూ వేలితో తడిమి చూశాను.