స్పీకర్లు చెవులవైపు తిప్పాలా, తిన్నగా పెట్టాలా?

మేడమీదగది:
మా హాలు 12 బై 14 అడుగులు. కింద టైల్స్, ఎడమపక్క గోడ, కుడిపక్క డైనింగ్‌లోకి ఖాళీ. స్పీకర్ల మధ్య 6 అడుగులు, వాటికీ సోఫాకీ 7. రెండింటినీ నా చెవులవైపు తిప్పి పెట్టుకున్నాను. పండక్కి వచ్చిన మా బావగారు చూసి, "ఇదేంటోయ్, స్పీకర్లకి మెల్లకన్నా?" అని తిన్నగా తిప్పేశారు. ఇప్పుడు పాట హాలంతా పరుచుకుంది గానీ, పాడే మనిషి ఎక్కడుందో తెలియట్లేదు. ఎవరిది రైటు?

పాతవాల్వ్:
బావగారిదే. తిన్నగా పెడితే మీరు ట్వీటర్‌కి (స్పీకరు పెట్టెలో పైస్థాయి శబ్దాలు పలికే చిన్న భాగం) సుమారు 23 డిగ్రీల పక్కన ఉంటారు. మామూలు డోమ్ (బుడిపె ఆకారపు) ట్వీటర్‌కి ఆ కోణంలో పోయే శబ్దం కొంచెమే, అదీ బాగా పైస్థాయిలో. టైల్స్ ఉన్న గదిలో అది పోతేనే చెవికి హాయి. డాలీ అనే స్పీకర్ల కంపెనీ వాళ్లయితే తమ స్పీకర్లని అసలు తిప్పొద్దనే చెప్తారు.

కొలతటేపు:
డాలీ మాట డాలీ స్పీకర్లకే, అన్నిటికీ కాదండీ. ఇక్కడ అసలు గొడవ ఎడమ గోడతో. స్పీకరు తిన్నగా ఉంటే పైస్థాయి శబ్దం ఆ గోడకి కొట్టుకుని మళ్లీ చెవికి వస్తుంది. కుడిపక్క కొట్టుకోవడానికి గోడే లేదు! ఇక గొంతు మధ్యలో ఎలా నిలుస్తుంది? లోపలికి తిప్పితే గోడమీద పడేది తగ్గుతుంది. బేస్‌కి మాత్రం ఈ తిప్పడాలు పట్టవు, అది ఎటైనా పాకుతుంది.

ఘంటసాల పాత పాట ఒకటి పెట్టి చూడండి. అప్పటి రికార్డింగులు మోనో, రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. (తర్వాత స్టీరియోగా మార్చినవి వద్దు.) గొంతు బొట్టు పెట్టినట్టు మధ్యలో ఉండాలి. పక్కకి జరిగిందంటే గదినే అనుమానించాలి.

పాతవాల్వ్:
మోనోతో మధ్య తేలుతుంది, వెడల్పు తేలదు కదా. మరీ తిప్పితే వయొలిన్లూ వీణా అన్నీ మధ్యలో ముద్దయిపోతాయి.

చివరిసీటు:
ఇంతకీ ఇంట్లో వినేది ఒక్కరేనా? మధ్య సీటు ఎప్పుడూ మావారిదే. ఎలా తిప్పినా నాకు దగ్గరి స్పీకరొక్కటే వినిపిస్తుంది.

కొలతటేపు:
పై కొలతలే మీవీ అనుకుంటే, ఒక స్పీకరుకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నవాళ్లకి రెండోది దాదాపు 2 మిల్లీసెకన్లు ఆలస్యం అక్కా. చెవి ముందొచ్చినదాన్నే నమ్ముతుంది. ఇంకా ఎక్కువ తిప్పి, రెండు స్పీకర్ల చూపూ సోఫాకి ఒకటిరెండు అడుగుల ముందే కలిసేలా పెట్టించండి. అప్పుడు దగ్గరిది మీకు పెడమొహంగా ఉండి కాస్త తగ్గుతుంది, దూరపుది మీకేసి చూస్తుంది. పూర్తిగా కాకపోయినా కొంత సర్దుకుంటుంది.

పాతవాల్వ్:
అంటే మెల్లకన్ను ఇంకా పెంచమంటారు!

మేడమీదగది:
ఆదివారం కూర్చుని చేశాను. మా అబ్బాయి ఎడమ గోడ వెంబడి అద్దం జరుపుతుంటే, సోఫాలోంచి నాకు ట్వీటర్ కనిపించిన చోట పాత బొంత వేలాడదీశాం. స్పీకర్లు తిన్నగా ఉండగానే గొంతు చాలావరకు మధ్యకి వచ్చింది. తర్వాత కొంచెమే లోపలికి తిప్పాను, చూపు నా తల వెనక కలిసేలా. వెడల్పు పోలేదు. బొంత ఇంట్లోవాళ్లు ఊరుకున్నన్నాళ్లే.

బావగారికి ఫోన్ చేస్తే "నేను చెప్పలేదూ?" అన్నారు. సంక్రాంతికి మళ్లీ వస్తారట. స్పీకర్ల మూలల దగ్గర నేలమీద టేపు అంటించి పెట్టుకున్నాను.