రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్ర ఓటు: 173–0తో మనకు ఒరిగిందేంటి?

పల్నాటి_బాబు
2022లో ఆంధ్రలో లెక్కకొచ్చిన 173 ఎమ్మెల్యే ఓట్లూ ద్రౌపది ముర్ము గారికే. యశ్వంత్ సిన్హాకి సున్నా. అప్పటికి మన అసెంబ్లీలో కమలం గుర్తు మీద గెలిచినవాడు ఒక్కడూ లేడు! వైసీపీ, టీడీపీ పోటీలు పడి మరీ వేశాయి. 2017లోనూ ఇదే తంతు, మీరా కుమార్‌కి ఇక్కడ ఒక్క ఓటూ రాలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ప్రత్యేక హోదా ఊసెత్తారా? ఒక్కో ఓటు విలువ 159, మొత్తం 27,507. ఊరికే ధారపోశారు. 2027 జులైలో మళ్లీ ఎన్నికొస్తుంది. అప్పుడూ ఇంతేనా?

ఓరుగల్లు_119
అది తర్వాత. మీ ఎమ్మెల్యేకు 159 ఏంది, మా ఎమ్మెల్యేకు 132 ఏంది? విడిపోకముందు అందరికీ 148 ఉండె. రాష్ట్రం విడిపోంగనే మీది పెరిగింది, మాది తగ్గింది. ముందు గిది చెప్పుండ్రి.

లెక్కల_మాస్టారు
చెప్తాను. రాజ్యాంగం 55వ అధికరణ. 1971 జనాభాని ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్లీ 1000తో భాగిస్తారు. శేషం 500కి తగ్గకపోతే ఒకటి కలుపుతారు. ఉమ్మడి రాష్ట్రం 4,35,02,708 మంది, 294 సీట్లు, వస్తే 147.97, అంటే 148. విభజన తర్వాత ఆంధ్ర 2,78,00,586 మంది, 175 సీట్లు, విలువ 159. తెలంగాణ 1,57,02,122 మంది, 119 సీట్లు, విలువ 132. ఎవరూ ఎవరిదీ లాక్కోలేదు. తెలంగాణలో సీటుకి తలలు తక్కువ, అంతే.

ఓరుగల్లు_119
మాస్టరు, 132 చిన్నదా 159 చిన్నదా?

లెక్కల_మాస్టారు
ఎమ్మెల్యే విలువ చూసి లాభం లేదు బాబూ. రాష్ట్రం మొత్తం చూడాలి. 119ని 132తో గుణిస్తే 15,708. 175ని 159తో గుణిస్తే 27,825. రెండూ 1971 జనాభా నిష్పత్తిలోనే ఉన్నాయి. మీకన్నా కర్ణాటక ఎమ్మెల్యే విలువ ఇంకా తక్కువ, 131. సీట్లు 224 కాబట్టి మొత్తం మాత్రం 29,344, ఆంధ్ర కన్నా ఎక్కువ.

కృష్ణా_కరకట్ట
విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం సీట్లు 225, 153కి పెంచితే మన బలం పెరుగుతుందా?

లెక్కల_మాస్టారు
పెరగదు. ఆంధ్ర ఎమ్మెల్యే విలువ 124కి, తెలంగాణది 103కి పడిపోతుంది. మొత్తాలు 27,900, 15,759. చిల్లర తేడా. ఒకే అన్నం కుండ, విస్తళ్లు పెరుగుతాయంతే.

ఓరుగల్లు_119
మరి 1971 లెక్కనే ఎందుకు? హైదరాబాద్ అప్పుడెంత, ఇప్పుడెంత? 2011 లెక్క తీయి.

లెక్కల_మాస్టారు
తీస్తే మీ మాటే నెగ్గుతుంది. 2011లో తెలంగాణ మూడున్నర కోట్లు, ఎమ్మెల్యే విలువ 294. ఆంధ్ర సుమారు 4.96 కోట్లు, విలువ 283. తారుమారు.

ఓరుగల్లు_119
గదే నేను మొదటి నుంచి మొత్తుకుంటున్న!!

లెక్కల_మాస్టారు
ఆగండి, పూర్తిగా వినండి. అదే లెక్కలో ఉత్తరప్రదేశ్ 208 నుంచి 496కి పోతుంది. తమిళనాడు 176 నుంచి 308కి. ఇప్పుడు యూపీ ఎమ్మెల్యే ఆంధ్ర ఎమ్మెల్యేకి 1.3 రెట్లు, అప్పుడు 1.75 రెట్లు. ఆంధ్ర మీద మీరు గెలిచే పదకొండు చూసుకుని మురిసిపోతే లక్నో నవ్వుకుంటుంది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదనే 1976లో 42వ సవరణతో 1971 దగ్గర ఆపారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వివరాలు వెలువడేదాకా అదే కొనసాగాలని 84వ సవరణ. 2027 జులైకి ఆ వివరాలు రావడం కష్టం కాబట్టి ఈసారికీ 159, 132లే అనుకోండి.

పల్నాటి_బాబు
నేనడిగిందేంటి, మీరు చెప్పేదేంటి? ఎక్కాల పుస్తకం పక్కన పెట్టి ఓట్లు ఎందుకు అమ్ముకోలేకపోయారో చెప్పండి. అంటే బేరం ఆడలేకపోయారో.

కృష్ణా_కరకట్ట
మొదటి మాటే బాగుంది బ్రో 😂

లెక్కల_మాస్టారు
బేరమంటే లెక్కే కదా. ముర్ముకి 6,76,803, సిన్హాకి 3,80,177. గెలవడానికి కావలసింది 5,28,491. మన ఎమ్మెల్యేల 27,507కి తోడు 25 మంది లోక్‌సభ, 11 మంది రాజ్యసభ సభ్యులు, తలకి 700 చొప్పున 25,200. ఇదంతా అటు తిప్పినా ఆమె 6,24,000 దాటే ఉంటుంది.

పల్నాటి_బాబు
అది లెక్కింపయ్యాక తేలిన అంకె. బేరం జూన్‌లో ఉంటుంది, జులైలో కాదు. ఎన్డీయే సొంత బలం సగానికి కాస్త తక్కువ ఉన్న రోజుల మాట నేను చెప్తున్నా. జూన్ 21న పేరు ప్రకటించారు, రెండు మూడు రోజుల్లో వైసీపీ మద్దతు. ఆ తర్వాత టీడీపీ. ఆ సందులో ఒక్క కాగితం మీదైనా సంతకం పెట్టించుకున్నారా? ప్రత్యేక హోదా మాట 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో సాక్షాత్తూ అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చింది.

న్యాయం_నర్సీపట్నం
ఒక చట్టపరమైన సంగతి. ఈ ఎన్నికకి విప్ లేదు, ఫిరాయింపుల చట్టం వర్తించదు. రాజ్యసభ ఎన్నికలోలా పార్టీ ఏజెంటుకి బ్యాలెట్ చూపించే పద్ధతీ లేదు. ఎమ్మెల్యేకి గులాబీ, ఎంపీకి ఆకుపచ్చ కాగితం. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా ఇంకు పెన్నుతోనే రాయాలి, జేబులో పెన్ను తీస్తే ఓటు చెల్లదు. ప్రాధాన్యం అంకెల్లో వేయాలి, తెలుగు అంకె వేసినా సరే, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాస్తే పోయినట్టే. 1 అంకె ఇద్దరికి వేసినా, సంతకం లాంటి గుర్తు పెట్టినా అంతే. 2022లో దేశమంతా చెల్లనివి 53, అందులో 15 ఎంపీలవి! తెలంగాణలో ఒకటి. ఇంత గుట్టుగా వేసే ఓటుని ‘రాష్ట్రం ఓటు’ అని ఏ పార్టీ రాసిస్తుంది?

పల్నాటి_బాబు
గుట్టా? 173–0 వచ్చాక ఇంకేం గుట్టు సార్. ఎవరు ఎవరికి వేశారో పిల్లాడు కూడా చెప్తాడు.

న్యాయం_నర్సీపట్నం
అది నిజమే. ముందు ఎంపీల ఓట్లు, తర్వాత ఇంగ్లిషు అక్షరక్రమంలో రాష్ట్రాలు లెక్కిస్తారు. ఆంధ్ర పెట్టె తొలి వరసలోనే తెరుస్తారు. విలువలు వేరు కాబట్టి పెట్టెలన్నీ ఒకచోట గుమ్మరించి కలపడం కుదరదు. ఏకపక్షంగా పడితే గుట్టు రట్టే. తెలంగాణలో సిన్హాకి 113, ముర్ముకి 3. ఆ ముగ్గురూ ఎవరో అడగక్కర్లేదు, బీజేపీకి అప్పుడున్నదే ముగ్గురు. అస్సాం, గుజరాత్‌లలో మాత్రం గీత దాటినవాళ్లున్నారు, పేర్లు ఈనాటికీ ఊహాగానమే.

ఓరుగల్లు_119
చూసిండ్రా, మేము నిలబడ్డం. మీరు సాగిలపడ్డరు.

పల్నాటి_బాబు
నిలబడి ఏం తెచ్చుకున్నారు?

ఓరుగల్లు_119
నువ్వు పడుకొని ఏం తెచ్చుకున్నవ్?

లెక్కల_మాస్టారు
ఒక గిరిజన మహిళ ఆ పదవికి వస్తుంటే దాన్ని హోదాకి ముడిపెట్టి బేరమాడమంటారా? 1969లో సంజీవరెడ్డి గారికి పోటీగా నిలబడ్డ వి.వి.గిరి గారి కోసం ఇందిరాగాంధీ అంతరాత్మ ఓటు అన్నప్పుడు కూడా ఆంధ్రకి ఏమిస్తారని ఎవరూ అడగలేదు.

పల్నాటి_బాబు
వచ్చేసిందండీ అసలు సంగతి! ఇందాకట్నుంచి 159, 132 అని తిప్పింది ఇది చెప్పడానికన్నమాట. ఏ పార్టీ సెల్‌లో పనిచేస్తారు మాస్టారూ? ఆమె మీద నాకు గౌరవమే. నేననేది ఢిల్లీకి మన అవసరం ఐదేళ్లకోసారి పడుతుంది, ఆ ఒక్కరోజు కూడా ఊరికే పోతోందని.

లెక్కల_మాస్టారు
సెల్లూ లేదు, బిల్లూ లేదు. మీకూ నాకూ తేడా ఒక్కటే. రాష్ట్రమంటే ఒకే గొంతు అని మీరు. 175 మంది విడివిడిగా ఆలోచించాలని నేను. 173–0 నాకు సిగ్గుచేటు, మీకు వృథా.

న్యాయం_నర్సీపట్నం
ఇద్దరికీ నచ్చలేదన్నమాట ఆ అంకె.

కృష్ణా_కరకట్ట
సరే, 2027 సంగతి చెప్పండి ఎవరైనా. ఇప్పుడు టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8, వైసీపీ 11.

లెక్కల_మాస్టారు
కూటమి 164 మంది, 26,076. వైసీపీ 1,749. దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల మొత్తం విలువని ఎంపీల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఎంపీ విలువ, అది ఈసారి 700 ఉండదు. 2022లో జమ్మూ కశ్మీర్ అసెంబ్లీ లేదు, ఇప్పుడుంది కాబట్టి కాస్త పెరుగుతుంది.

పల్నాటి_బాబు
ఆ 1,749 ఎటు పడతాయో చూడండి. అవీ అటే పడితే 175–0. ఈసారి రెండు పార్టీలూ మేమే ముందు మద్దతిచ్చామని కొట్టుకుంటాయి, రాసిపెట్టుకోండి.

ఓరుగల్లు_119
మా 132 సంగతి ఎవ్వరూ తేల్చకపాయె.